అందరి నేలపై రెండు రాత్రులు

ఈ మధ్య మన ఇళ్ళలో ఒక కొత్త మాట తరచుగా వినిపిస్తోంది: ‘క్యాంపింగ్’. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొడుకులు, అల్లుళ్ళు సెలవులు రాగానే కారులో గుడారం వేసుకుని, భార్యాపిల్లలతో కొండల్లోకి బయలుదేరుతున్నారు. వారి వద్దకు చూడబోయిన తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకు వెళుతున్నారు. ఆ మాట వినగానే ఇక్కడి పెద్దల గుండెల్లో రాయి పడుతుంది. “బయట పడుకోవటమా? ఆడపిల్లలతోనా? పాములు, తేళ్ళు, దొంగలు! డబ్బు లేకనా, హోటల్లో ఉండవచ్చు గదా!” అని కొందరు నన్ను అడిగారు కూడా. గత సంవత్సరం సెప్టెంబరు మాసంలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి యూటా రాష్ట్రంలోని ఎర్రరాతి లోయల ప్రాంతంలో రెండు రాత్రులు గుడారంలో గడిపే అవకాశం నాకూ, నా భార్యకూ లభించింది. కనుక ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయటం ఉపయోగకరమని భావిస్తున్నాను.

మేము వెళ్ళిన చోటు పేరు క్యాపిటల్ రీఫ్ జాతీయ ఉద్యానవనం. సాల్ట్ లేక్ సిటీ నుండి సుమారు మూడున్నర గంటల ప్రయాణం. ఉద్యానవనం అనగానే మన కళ్ళ ముందు పూలమొక్కలు మెదులుతాయి. అక్కడ కనిపించేది అందుకు పూర్తిగా భిన్నమైన దృశ్యం. భూమి పొరలు ఒకచోట మడతపడి, దాదాపు 160 కిలోమీటర్ల పొడవున గోడలా లేచి నిలిచాయి. దానిని ‘వాటర్‌పాకెట్ ఫోల్డ్’ అంటారు. రాళ్ళలోని గుంటలు వాననీటిని పట్టి ఉంచుతాయి కనుక ఆ పేరు వచ్చింది. తెల్లని గుమ్మటాల వంటి శిఖరాలు అమెరికా చట్టసభ భవనపు గుమ్మటాన్ని తలపించటం వల్ల ‘క్యాపిటల్’ అన్నారు. సముద్రంలో ఓడలకు అడ్డుపడే రాతిదిబ్బలా బాటసారుల దారికి ఈ గోడ అడ్డుగా నిలిచింది గనుక ‘రీఫ్’ అన్నారు. ఇసుకరాతిలో కలిసి ఉన్న ఇనుము తుప్పు పట్టటమే ఆ ఎరుపు రంగుకు కారణం. సాయంత్రపు ఎండ వాలుగా పడినప్పుడు నిటారైన ఆ కొండచరియలు నిప్పుకణికల్లా ప్రకాశిస్తాయి. మన కడప జిల్లాలోని గండికోట వద్ద పెన్నానది చీల్చిన లోయను చూసిన వారికి ఆ దృశ్యం కొంతవరకు ఊహకు అందుతుంది.

అంతటి ఎండు రాతిసీమ నడుమ ఫ్రీమాంట్ అనే చిన్న నది ప్రవహిస్తోంది. దాని ఒడ్డున ఒకప్పుడు ఫ్రూటా అనే పల్లె ఉండేది. 1880వ దశకంలో మోర్మన్ మతస్థులైన వలసదారులు వచ్చి, నది నుండి కాల్వలు తవ్వి, పండ్లతోటలు వేశారు. ఆ పల్లెలో ఏ కాలంలోనూ పది కుటుంబాలకు మించి లేవట. 1896లో వారు కట్టుకున్న ఒంటిగది బడి నేటికీ ఉంది. 1937లో ఆ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా, 1971లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఊరి జనం వెళ్ళిపోయారు, తోటలు మాత్రం మిగిలాయి. ఆ తోటల పక్కనే, నది ఒడ్డున, ప్రభుత్వం నడిపే బస మైదానం ఉంది.

ఆ మైదానంలో 71 స్థలాలున్నాయి. ప్రతి స్థలానికీ ఒక సంఖ్య, ఒక బల్ల, మంట వేసుకునేందుకు ఇనుప కుంపటి ఉంటాయి. నీటి సదుపాయం గల మరుగుదొడ్లు ఉన్నాయి, స్నానపు గదులు లేవు. కరెంటు లేదు. వేసవి రద్దీకాలంలో కొన్ని నెలల ముందుగానే ప్రభుత్వ వెబ్‌సైటులో స్థలం రిజర్వు చేసుకోవాలి. హోటలు ఖర్చుతో పోలిస్తే అద్దె స్వల్పం. మా కుడివైపున ఒక వృద్ధ దంపతులు ఇల్లంత పెద్ద వాహనంలో దిగారు. ఎడమవైపున ఇద్దరు విద్యార్థులు సైకిళ్ళ మీద వచ్చి, మోకాలెత్తు గుడారం వేసుకున్నారు. ఇరువురికీ అదే బల్ల, అదే కుంపటి, అదే కుళాయి వరుస. ముందుగా వచ్చిన వానిని లేపి, ధనవంతునికి స్థలం ఇచ్చే ఆచారం అక్కడ లేదు. పెళ్ళి పందిళ్ళలో సైతం కుర్చీల వరుసలు హోదాను బట్టి వేసే మన సమాజానికి ఇది గమనించదగిన విషయం.

ఇక మన ఇళ్ళలోని ఆడవారి భయాల విషయానికి వస్తే, స్థలాల మధ్య చెట్లు, కొంత ఎడం ఉంటాయి గాని గోడలు ఉండవు. గుడారం లోపల తెర కట్టుకుంటే దుస్తులు మార్చుకోవటానికీ, నిద్రకూ ఇబ్బంది లేదు. రాత్రి పది గంటల తరువాత శబ్దం చేయరాదన్న నిబంధనను అందరూ పాటిస్తారు. ఒకరి స్థలం మీదుగా మరొకరు అడ్డదారిన నడిచిపోరు. అది గోడ లేని ఇల్లు అన్నమాట. గోడ లేకపోయినా ఇల్లు ఇల్లేనని అవతలివారు గుర్తించటంలోనే మర్యాద ఉంది. నా భార్య మొదటి రాత్రి నిద్రపోలేదు. రెండవ రాత్రి మాత్రం నన్ను కూడా లేపకుండా, మనుమరాలిని వెంటబెట్టుకుని కుళాయి వద్దకు వెళ్ళి వచ్చింది.

ప్రయాణంలో నమాజు సంగతి కూడా కొందరు అడిగారు. మనకు ఖిబ్లా పడమర దిక్కున ఉంటుంది. యూటాలో అది ఈశాన్య దిశగా ఉంటుంది. లోయలో సెల్‌ఫోన్ సిగ్నల్ ఆశించరాదు గనుక నమాజు వేళలను ముందుగానే కాగితం మీద వ్రాసుకోవటం మంచిది. చుట్టూ ఎత్తైన కొండలున్నందున లోయలో ఎండ ముందే పోతుంది. కొండనీడను చూసి సూర్యాస్తమయమైందని భావించరాదు. వుజూకు ఒక చెంబు నీరు చాలునని మా మనుమలు అక్కడ నేర్చుకున్నారు. ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే పిల్లలకు ఆ పాఠం నోటితో చెబితే ఎక్కదు, నీటిని మోసుకొచ్చిన చేతికే తెలుస్తుంది. ఆ ప్రాంతంలో సంవత్సరమంతా కురిసే వర్షం సుమారు ఎనిమిది అంగుళాలు మాత్రమే. నడకకు వెళ్ళే ప్రతి మనిషికీ రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీరు అవసరమని ఉద్యానవన అధికారులు చెబుతారు. దాహం వేసిన తరువాత తాగటం కాదు, వేయకముందే తాగాలి.

అక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఆ పండ్లతోటలు. సుమారు 1,900 చెట్లున్నాయి. చెర్రీ, ఆప్రికాట్, పీచ్, పియర్, ఆపిల్ ఒకదాని వెంట ఒకటి కాపుకు వస్తాయి. నాటి వలసదారులు తవ్విన కాల్వల పద్ధతిలోనే నేటికీ నీరు పారిస్తున్నారు. మేము వెళ్ళినప్పుడు ఆపిల్ కాపు నడుస్తోంది. కోతకు తెరిచిన తోట ముందు బోర్డు పెడతారు. లోపలికి వెళ్ళి, పండిన పండు కోసుకుని, అక్కడే నిలబడి ఎంతైనా తినవచ్చు, పైసా ఇవ్వనక్కరలేదు. ఇంటికి తీసుకువెళ్ళదలిస్తే మాత్రం అక్కడే ఉన్న త్రాసులో తూచుకుని, రాసిపెట్టిన ధర ప్రకారం డబ్బును పెట్టెలో వేయాలి. తూచేవాడు లేడు. కాపలావాడు లేడు. పెట్టె ఉంది, మనిషి మనస్సాక్షి ఉంది.

ఫిఖ్హ్ చదువుకున్న వారికి ఈ ఏర్పాటు పరిచితంగా తోచక మానదు. బాటసారి తోటలోని పండును ఆకలికి తినటం వేరు, కొంగున కట్టుకుని పోవటం వేరు అన్న చర్చను మా విద్యార్థులకు ఏటా బోధిస్తూనే ఉంటాను. తరగతి గదిలో ఆ పాఠం చెప్పేటప్పుడు ‘ఈ కాలంలో ఎవరి తోట అలా తెరిచి ఉంటుంది?’ అన్న ప్రశ్న పిల్లల ముఖాల్లో కనబడేది. ఆరేళ్ళ మా మనుమరాలు ఆపిళ్ళను త్రాసులో పెట్టి, ముల్లు నిలిచేవరకూ ఓపిగ్గా చూసి, తండ్రి ఇచ్చిన నోటును పెట్టెలో వేసింది. వేసిన తరువాత “ఎవరూ చూడలేదు కదా నానా, మరి మనం ఇచ్చామని వాళ్ళకు ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. “తెలియనవసరం లేదమ్మా, ఇవ్వటమే అవసరం” అన్నాను. ఆ పాప ఏమి అర్థం చేసుకుందో గాని, సాయంత్రం సంచిలో అడుగున దొరికిన ఒక తూచని ఆపిల్ కోసం తండ్రిని మళ్ళీ త్రాసు వద్దకు నడిపించింది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన విషయం. ఎర్రరాతి లోయల్లో ప్రాణాపాయం పాముల వల్ల, దొంగల వల్ల కంటే నీటి వల్ల ఎక్కువ. ఎండిన ఎడారిలో నీటి గండమేమిటని ఆశ్చర్యపోవద్దు. ఆ నేల చాలావరకు వట్టి బండ. మట్టి పలుచన, చెట్టు తక్కువ. వాన పడితే ఇంకిపోయేందుకు చోటు లేదు. విశాలమైన బండల మీద పడిన నీరంతా ఇరుకైన లోయల్లోకి గరాటులో పోసినట్లు దూకుతుంది. బురదనూ, దుంగలనూ, బండరాళ్ళనూ మోసుకొస్తుంది. అన్నింటికంటే భయంకరమైన సంగతి ఏమంటే, వాన పడేది మనం నిలబడిన చోట కాదు. ఎన్నో మైళ్ళ అవతల మేఘం కురుస్తుంది. మన తల మీద నీలాకాశం మెరుస్తూనే ఉంటుంది. జులై నుండి సెప్టెంబరు వరకు ఈ ముప్పు అధికం.

1997 ఆగస్టు 12న పొరుగు రాష్ట్రమైన అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ఇలాగే వరదపాలయ్యారు. వాన కురిసింది ఎగువన, దూరంగా. 2015 సెప్టెంబరు 14న యూటాలోని జయన్ జాతీయ ఉద్యానవనంలో ఒక ఇరుకు లోయలోకి దిగిన ఏడుగురూ మరణించారు. అదే రోజు సమీపంలోని హిల్‌డేల్ పట్టణంలో రెండు వాహనాలు వరదలో కొట్టుకుపోయి 13 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పిల్లలు. మేము బస చేసిన క్యాపిటల్ రీఫ్‌లోని క్యాపిటల్ గార్జ్ అనే లోయలో కూడా 2022 జూన్‌లో ఆకస్మిక వరద వచ్చి పర్యాటకుల వాహనాలు దెబ్బతిన్నాయి. దైవానుగ్రహం వల్ల ప్రాణనష్టం జరగలేదు.

ఆ క్యాపిటల్ గార్జ్‌లో నడవటమే మా రెండవ రోజు కార్యక్రమం. 1962లో నది వెంట కొత్త రహదారి పడేవరకూ బండ్లూ, కార్లూ ఆ లోయ అడుగునుండే వెళ్ళేవట. వలస వెళ్ళినవారు చెక్కుకున్న పేర్లు గోడల మీద ఉన్నాయి, 1871 నాటివి కూడా కనిపిస్తాయి. మనుమడికి వాటిని చూడాలని ఎంతో ఆశ. మా అల్లుడు ఈ ఒక్క రోజు కోసం ఆఫీసులో సెలవు పెట్టుకుని, అంత దూరం కారు నడిపి వచ్చాడు. ఉదయం సందర్శకుల కేంద్రం వద్దకు వెళ్ళగా, ఆనాటి ఆకస్మిక వరద సూచన బోర్డు మీద ఉంది. ‘అవకాశం లేదు’, ‘అవకాశం ఉంది’, ‘బలమైన అవకాశం ఉంది’, ‘తప్పక వస్తుంది’ అని నాలుగు మెట్లుగా దానిని ప్రకటిస్తారు. ఆనాడు మూడవ మెట్టు. బయట చూస్తే మచ్చలేని ఆకాశం.

అల్లుడు కొద్దిసేపు మౌనంగా నిలబడ్డాడు. “గంటలో వెళ్ళి వచ్చేద్దాం, మేఘమే లేదు” అన్నాడు చివరకు. అతని మాటలో నిర్లక్ష్యం లేదు. కొడుకు ముఖం చూసి అన్న మాట అది. అమ్మాయి మాత్రం బోర్డు వైపు చూపి, “మేఘం మన కంటికి కనబడాలన్న నియమం లేదని నిన్న రాత్రి రేంజరు చెప్పలేదా?” అన్నది. క్రితం సాయంత్రం బస మైదానంలో పిల్లల కోసం, పెద్దల కోసం ఉద్యానవన ఉద్యోగిని ఒకామె ఇచ్చిన ఉపన్యాసంలో ఆ సంగతి చెప్పింది. నన్ను అడిగితే నేను అమ్మాయి మాటనే బలపరిచాను. కుటుంబాన్ని నడిపించే వ్యక్తి తన ఒక్కడి ధైర్యాన్ని బట్టి నిర్ణయం తీసుకోరాదు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో, వారిని బట్టి తీసుకోవాలి. మాలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఇద్దరు: ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న నా భార్య. లోయలో నీటి శబ్దం వినపడితే వారిద్దరూ గట్టెక్కగలరా? ఆ ప్రశ్నకు అల్లుడు మరేమీ అనలేదు. కారు వెనక్కు తిప్పాడు.

ఆ రోజు వరద రాలేదు. సాయంత్రం వరకూ ఒక్క చినుకు కూడా పడలేదు. “చూశారా నానాజాన్, అనవసరంగా ఆగిపోయాం!” అని మనుమడు కోపంగా అన్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు మాట ఇక్కడే ఉంది. రాని ఆపదను చూపించి, తీసుకున్న జాగ్రత్తను వ్యర్థమనటం సరైన లెక్క కాదు. రాత్రి తలుపు గడియ వేసుకుని పడుకుంటాం. దొంగ రాలేదు గనుక గడియ దండగ అని తెల్లవారి ఎవరూ అనరు. జాగ్రత్త విలువ, దానిని తీసుకున్న క్షణంలో మన ముందున్న సమాచారాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తరువాత ఏమి జరిగిందన్న దానిని బట్టి కాదు. ఈ లెక్క తెలియని ఇళ్ళలోనే హెల్మెట్ లేకుండా పదిసార్లు క్షేమంగా వచ్చిన కుర్రవాడు పదకొండవసారి బయలుదేరతాడు. మన ఊళ్ళలో చెరువు ఈతలకూ, వాగు దాటటానికీ, గండికోట అంచున నిలబడి ఫోటోలు తీసుకోవటానికీ ఇదే వర్తిస్తుంది.

ఆ మధ్యాహ్నం లోయకు బదులు రహదారి పక్కనే ఉన్న ఫ్రీమాంట్ జాతి పూర్వీకుల శిలాచిత్రాలను చూశాము. సుమారు క్రీ.శ. 300 నుండి 1300 వరకు ఆ నది ఒడ్డున నివసించినవారు కొండచరియ మీద కొమ్ముల గొర్రెలనూ, మనుష్యాకారాలనూ చెక్కారు. చెక్కల దారి మీద నిలబడి దూరం నుండే చూడాలి, తాకరాదు. చేతి జిడ్డు సైతం రాతిని పాడుచేస్తుంది. “అక్కడ లోయలో పేర్లు చెక్కితే చరిత్ర అంటున్నారు, ఇప్పుడు చెక్కితే నేరమా?” అని మనుమడు ప్రశ్నించాడు. మంచి ప్రశ్న. ఆనాడు ఏడాదికి కొద్దిమంది ఆ దారిన వెళ్ళేవారు. నేడు లక్షల మంది వస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క అక్షరం చెక్కినా గోడ మిగలదు. ఒకడు చేస్తే కనిపించని నష్టం, అందరూ చేస్తే పూడ్చలేని నష్టం అవుతుంది. కనుక ‘నేనొక్కణ్ణే కదా’ అన్న మాట ఉమ్మడి ఆస్తి విషయంలో చెల్లదు.

నేల మీద నల్లగా, గరుకుగా, అట్టకట్టినట్లు కనిపించే పొర గురించి కూడా చెప్పాలి. అది వట్టి మట్టి కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు, నాచు, శిలావల్కాలు కలిసి అల్లిన సజీవమైన పొర. గాలికి ఇసుక లేచిపోకుండా, నీరు ఇంకేలా అదే కాపాడుతోంది. ఒక్క అడుగు పడితే అది విరిగిపోతుంది. మళ్ళీ కుదురుకోవటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే దారి తప్పి నడవవద్దని అంతగా హెచ్చరిస్తారు. బండ మీద నడువు, వాగు ఇసుకలో నడువు, వేసిన బాటలో నడువు. ఎక్కడ పడితే అక్కడ నడవకు.

రాత్రి దీపాలన్నీ ఆర్పిన తరువాత కనిపించిన ఆకాశం గురించి వర్ణించటం నాకు చేతకాదు. పాలపుంత కొండ అంచు నుండి కొండ అంచు వరకు పరుచుకుంది. అక్కడ అనవసరమైన దీపకాంతిని అదుపులో ఉంచినందుకు 2015లో ఆ ఉద్యానవనానికి అంతర్జాతీయ ‘చీకటి ఆకాశం’ గుర్తింపు లభించింది. నగరంలో పుట్టిన మా మనుమలు అన్ని నక్షత్రాలను అంతకు ముందెన్నడూ చూడలేదు. పగటి కోపాన్ని మరచి, మనుమడు నా పక్కనే పడుకుని చుక్కలను లెక్కపెడుతూ నిద్రపోయాడు.

ఇలాంటి ప్రయాణం తలపెట్టిన కుటుంబాలకు కొన్ని సూచనలు. వృద్ధులుంటే మరుగుదొడ్డికి దగ్గరలోని స్థలాన్నే ఎంచుకోండి. పగలు ఎంత వేడిగా ఉన్నా రాత్రి చలి పెడుతుంది గనుక దుప్పట్లు, చెవులు కప్పే టోపీలు తప్పనిసరి. హలాల్ మాంసం, మందులు నగరం నుండే తీసుకెళ్ళండి. అక్కడి చెట్ల కొమ్మలు విరిచి మంట వేయరాదు, కట్టెలు కొనుక్కోవాలి. మంటను నీటితో ఆర్పి, బూడిద చల్లబడిందని చేత్తో చూసిన తరువాతనే పడుకోండి. ఆహారాన్ని కారులో పెట్టి తాళం వేయండి. బస మైదానంలోకి జింకలు వస్తాయి, వాటికి మేత వేయటం వాటికే హాని. ప్రతి ఉదయం వరద సూచన చూడకుండా ఏ లోయలోకీ దిగవద్దు. పారే నీటిలోకి కారును దించవద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును లాక్కుపోగలదు. దూరాన ఉరుము వినిపించినా, వాగు నీరు హఠాత్తుగా బురదరంగుకు మారినా సామాన్లను వదిలి ఎత్తైన చోటికి వెళ్ళండి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో లోయలోకి రాని వారికి ఒకరికి చెప్పి వెళ్ళండి.

చివరిగా, స్థలం ఖాళీ చేసే ముందు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, స్థలం ఈ చివర నుండి ఆ చివర వరకు నడిపించండి. సీసా మూత, చాక్లెట్ కాగితం, తెగిన తాడు ముక్క, ఏది కనిపించినా ఏరించండి. అది మనం పడవేసినది కాకపోయినా సరే. మనకు ముందు ఎవరో శుభ్రం చేసి వెళ్ళినందువల్లనే మనం హాయిగా పడుకోగలిగాము. మన తరువాత ఆ సాయంత్రమే మరొక కుటుంబం అక్కడికి వస్తుంది. వారెవరో మనకు తెలియదు, మనమెవరో వారికి తెలియదు. వారికి మనం అప్పగించే అమానతు ఆ కాస్త నేలే.